సగం నేలకి

చార్టర్స్ టవర్స్ దాటి డెబ్భై కిలోమీటర్లు.
మట్టిరోడ్డులో మూడో గేటు దగ్గర
డల్సీ రెన్విక్ ట్రక్కు దిగింది.
ఆ గేటు తోస్తే రాదు,
కాస్త ఎత్తి తీయాలి, ఆమె చేతికి తెలుసు.

నా పని గడ్డిని తూచడం.
అరమీటరు చదరం ఇనుప చట్రాన్ని
భుజం మీంచి వెనక్కి విసురుతాను.
చూసి విసిరితే చెయ్యి అబద్ధమాడుతుంది,
పచ్చగా ఉన్నచోటికే పోతుంది.
పడ్డచోట మోకాళ్ళ మీద కూర్చుని
మొదలంటా కోసి కాగితం సంచిలో వేస్తాను.
ఇరవై విసుర్లు, ఇరవై సంచులు.
పన్నెండో సంచిలో
గడ్డికంటే చీమలే ఎక్కువ.

వంటింట్లో మైక్రోవేవ్‌లో ఆరబెట్టాం,
గడ్డి అంటుకోకుండా పక్కన కప్పు నీళ్ళు పెట్టి.
హెక్టారుకి పదకొండు వందల కిలోలు, అంది తక్కెడ.
అందులో సగం ఆవుకి, సగం నేలకి.
నేల వాటా ముట్టకూడదు,
విత్తనపు వడ్లు వండుకున్న ఇల్లు
ఎన్ని పూటలు తింటుంది?

ఇది మే నెల. వాన డిసెంబరు మాట.
నాలుగు వందల ఇరవై ఆవులు, ఏడు నెలలు.
దాణా బస్తా వెనక లెక్క వేసింది,
కొట్టేసి మళ్ళీ వేసింది.
రెండుసార్లూ అదే వచ్చింది:
నూట అరవై పోవాలి,
ఒంటిమీద ఇంకా కండ ఉండగానే.
"మా నాన్నయితే వానకోసం చూసేవాడు," అంది.
"చూసి చూసి, చివరికి
లేవలేని వాటిని తుపాకీతో..."
ఆగి, టీలో చెంచా తిప్పింది.
ఆమె చక్కెర వేసుకోదు.

మధ్యాహ్నం ఏటిపక్క బీడుకి తీసుకెళ్ళింది.
అక్కడ ఈటెగడ్డి దుబ్బు ఒక్కటీ లేదు,
కంగారూ గడ్డి ఎర్రకంకులూ లేవు.
నేలనంటుకుని ఎర్రటి తీగలు,
కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ.
"ఇండియన్ కౌచ్," అంది నవ్వాపుకుంటూ,
"మీవాళ్ళే."
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.
ఒక కంకి నలిపి వాసన చూశాను
చిన్నప్పటిదేదైనా గుర్తొస్తుందేమోనని.
రాలేదు. గడ్డి వాసన, అంతే.

దీన్ని తిట్టడానికీ లేదు. పశువు తింటుంది.
నాలుగు చినుకులకే పచ్చబడుతుంది,
నాలుగెండలకే ముడుచుకుంటుంది,
వేరు లోతుకి పోదు.
ఈటెగడ్డిని మొదలంటా మేపించి
ఈ చోటు ఖాళీ చేసింది తన తండ్రి;
ఖాళీ చూసి ఇది కూర్చుంది.
ఆ మాట నేననలేదు.
బూటుతో తీగని తిరగేస్తూ తనే అంది.

గంగడోళ్ళు ఊపుకుంటూ
మూపురాల ఆవులు దూరంనుంచి చూస్తున్నాయి.
వీటి ముత్తాతల్లో ఒంగోలు రక్తం ఉందని
చెబుదామనుకుని మానేశాను.
ఒక రోజుకి ఒక చుట్టరికం చాలు.

రాబోయే వానలన్నీ అయ్యేదాకా
ఈ బీడు గేటు తెరవకూడదు.
దానికి ముందు, తొలి ఉరుముల వాన నేలని తడిపాక
ఒకసారి నిప్పు పెట్టాలి,
దుబ్బు తల కాలి, మొదలు బతికేటంత.
అనుమతి కాగితం ఫ్రిజ్ మీద
అయస్కాంతం కింద అప్పుడే ఉంది.
"తిరిగొస్తుందా ఈటెగడ్డి?"
"నేలలో విత్తనం మిగిలుంటే," అన్నాను.
ఎన్నేళ్ళకని తను అడగలేదు.

బుధవారం రెండంతస్తుల లారీలొస్తాయి.
సాయంత్రం దొడ్లో సుద్దతో గుర్తులు పెడుతూ
చెవి చిరిగిన ముసలావు దగ్గర ఆగింది.
గీసింది. అరచేత్తో తుడిచేసింది.
"నూట యాభై తొమ్మిది," అంది నావైపు చూడకుండా.
నా కాగితంలో నూట అరవై అనే రాశాను.

రాత్రి మోటెల్ బేసిన్‌లో మేజోళ్ళు ఉతుకుతుంటే
పొద్దుటి బీడులోని ఈటెగడ్డి గింజ ఒకటి
నల్లతోకతో దారంలో దిగబడి ఉంది.
తడి తగిలి
ఆ తోక మెల్లగా మెలి తిరుగుతోంది,
నూలునే నేలనుకుని.
పీకి, మిగిలిన కాగితం సంచిలో వేశాను.
తూచలేదు.